లాయరు ఫీజు లేదని ఊరుకోవద్దు

మా ఎరుకల కాలనీల్లో బుట్టలల్లి బతికిన తరం, పక్క సుగాలీ తండాల్లో కట్టెలమ్మి బతికిన తరం వెనక్కి పోతోంది. వాళ్ల పిల్లలు ఇప్పుడు హిందూపురం దగ్గర తూముకుంట ఫ్యాక్టరీలకు పోతున్నారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలయ్యాక ఆ చుట్టుపక్కల కొలువులు వెతుక్కుంటున్నారు. ధర్మవరంలో పట్టుచీరల అంగళ్లలో కుదురుతున్నారు. ఒకటో తరగతిలో మేము పలక పట్టించిన పిల్లలే వీళ్లంతా. పండక్కి ఊరికొస్తే మా దగ్గరికొచ్చి కూర్చుంటారు. జీతం, ఓవర్‌టైం కబుర్లు అయిపోయాక గొంతు తగ్గించి ఇంకో మాట చెప్తారు: “పనిలో మమ్మల్ని పేరు పెట్టి పిలవరు సార్, కులంతోనే పిలుస్తారు.”

మా కాలనీ అమ్మాయి ఒకామె ఒక బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది. లైనులో ఏదో పోయిందని, అంతమందిలో ఆమె సంచి ఒక్కటే వెతికారు. ఏమీ దొరకలేదు. అయినా సూపర్‌వైజర్ అందరి ముందూ కులం పేరెత్తి, “మీ బుద్ధి మాకు తెలియదా” అన్నాడు. ఆమె ఎదురడిగింది. రేపటి నుంచి రావద్దన్నారు. పన్నెండు రోజుల జీతం ఆపేశారు. ఎరుకలవాళ్లను పుట్టుకతోనే దొంగలని ముద్రవేసిన నేరస్థ జాతుల చట్టం 1952లోనే రద్దయింది. ఆ ముద్ర మాత్రం ఇంకా కొందరి మనసుల్లో అట్లే ఉంది.

ఇంట్లో పెద్దలు వదిలేయమన్నారు. “లాయరు వేలు అడుగుతాడు, యాడ తెచ్చేది? కోర్టులో ఓడినోడు అక్కడే ఏడుస్తాడు, గెలిచినోడు ఇంటికొచ్చి ఏడుస్తాడు” అన్నారు. అనుభవంతో చెప్పిన మాటే అది. కానీ మన తెగలవాళ్లు లాయరుకు ఫీజు ఇవ్వనక్కరలేదన్న సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987లో వచ్చింది. 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉంది. ఉచిత న్యాయ సహాయం ఎవరికి ఇవ్వాలో దాని 12వ సెక్షన్ చెప్తుంది. ఎస్సీలు, ఎస్టీలు, మహిళలు, పిల్లలు, వికలాంగులు, పరిశ్రమల్లో పనిచేసే కార్మికులు ఆ జాబితాలో ఉన్నారు. వీళ్లకు ఆదాయ పరిమితి లేదు. కూలికి పోయే అమ్మకూ, జీతం తీసుకునే మా లాంటి టీచర్లకూ ఒకటే హక్కు. మన కేసులో పస ఉందా లేదా అని చూస్తారు, అంతే. లాయరు ఫీజు, కోర్టు ఫీజు, నకళ్ల ఖర్చు వాళ్లే భరిస్తారు. ఇది ఎవరో జాలిపడి ఇచ్చేది కాదు.

అడగడం తెలియకపోయినా ఈ హక్కు పోదని సుప్రీంకోర్టు 1986లో సుఖ్ దాస్ కేసులో చెప్పింది. అరుణాచల్ ప్రదేశ్‌లో బదిలీ విషయమై ఒక ఇంజనీరును బెదిరించాడని అతని మీద కేసు పెట్టారు. లాయరును పెట్టుకునే స్తోమత లేక, సాక్షులను ప్రశ్నించడం రాక శిక్షపడింది. లాయరు కావాలని అతను అడగలేదు కదా అని హైకోర్టు అంది. ఆ వాదనను సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, శిక్ష రద్దుచేసింది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడుచోట్లా కోర్టులున్నాయి. కోర్టు ఆవరణలోకి పోయి మండల న్యాయ సేవాధికార కమిటీ ఎక్కడని అడగాలి. అనంతపురంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఫోనులో అయితే 15100, ఖర్చు లేదు. అర్జీ తెలుగులోనే ఇవ్వొచ్చు. రాయడం రానివాళ్లు నోటితో చెప్తే అక్కడే రాసుకుని వేలిముద్ర తీసుకోవాలి. కుల ధ్రువీకరణ పత్రం వెంట ఉంచుకోవాలి.

లాయరు దగ్గరికి పోయేముందే చేయాల్సిన పని ఒకటుంది. జరిగినది జరిగినట్టు కాగితం మీద పెట్టాలి. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరు, ఏ మాట అన్నారు, ఎవరెవరు విన్నారు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కులం పేరుతో తిట్టడం నేరం కావాలంటే, నలుగురికీ కనబడే, వినబడే చోట జరిగి ఉండాలి. తిట్టినవాడు ఎస్సీ, ఎస్టీ కానివాడై ఉండాలి. అందుకే విన్నవాళ్ల పేర్లు ముఖ్యం. తిట్టకుండానే పక్కనపెట్టేవాళ్లూ ఉంటారు. దాన్ని నిరూపించడం ఇంకా కష్టం కాబట్టి రోజువారీగా రాసిపెట్టుకోవాలి.

ఈ చట్టం కింద ఫిర్యాదు ఇస్తే ఎఫ్‌ఐఆర్ కట్టడానికి ముందు విచారణ అక్కరలేదని 2018 సవరణ చెప్తుంది. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి. ఆపేసిన జీతానికి కార్మిక శాఖ కార్యాలయంలో వేరే అర్జీ పెట్టాలి. ఆడపిల్లలను లైంగికంగా వేధిస్తే 2013 నాటి చట్టం కింద మూడు నెలల్లోపు కమిటీకి రాయాలి. పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతిచోటా ఆ కమిటీ ఉండాలి. “లోక్ అదాలత్‌లో రాజీ అయిపోండి” అని ఎవరైనా ఒత్తిడి చేస్తే ఒకటి గుర్తుంచుకోవాలి. జీతం బాకీల వంటివి అక్కడ తేల్చుకోవచ్చు గానీ అట్రాసిటీ కేసును రాజీచేసే అధికారం లోక్ అదాలత్‌కు లేదు.

ఆ అమ్మాయిని కూర్చోబెట్టి మేము రెండు పేజీలు రాయించాం. పక్క మిషను మీద కుట్టే ఇద్దరు సాక్ష్యం చెప్తామన్నారు. తర్వాత ఒకరు వెనక్కి తగ్గారు, వాళ్ల కొలువు భయం వాళ్లది. కమిటీ లాయరును ఇచ్చింది. ఆపిన జీతం వచ్చింది. తిట్టిన కేసు ఇంకా నడుస్తోంది. వాయిదాకు పోయిన రోజల్లా ఆమె కూలి పోతోంది. ఫీజు లేదన్నంత మాత్రాన తిప్పలు లేవని మేము చెప్పం. అయినా ఆమె ఇంతవరకూ ఒక్క వాయిదా తప్పలేదు.

తోటి టీచర్లకు ఒక మాట. లేఖారచన పాఠంలో పిల్లల చేత సెలవు చీటీ రాయిస్తాం. దానితోపాటు, తేదీ, చోటు, సాక్షుల పేర్లు పెట్టి ఒక అర్జీ కూడా రాయిద్దాం. తూముకుంటకో, ఎర్రమంచికో పోయే పిల్లలకు సెలవు చీటీ కంటే అది ముందు అవసరం పడవచ్చు.