అరసున్నతో ఫ్రెంచి

మాంట్రియల్‌లో చాలా కొట్లలో "బోఁజూర్, హాయ్" అని పలకరిస్తారు. ఫ్రెంచిలో బదులిస్తే ఫ్రెంచిలో, ఇంగ్లీషులో బదులిస్తే ఇంగ్లీషులో మాట సాగుతుంది. ఆ "హాయ్" కూడా వద్దు, "బోఁజూర్" ఒక్కటే అనండని 2017లో మాంట్రియల్ ఉన్న క్యూబెక్ రాష్ట్ర శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. 1977లో 101వ చట్టం తెచ్చిన రాష్ట్రానికి భాష మీద అంత పట్టుదల ఉంది. వలస వచ్చినవాళ్ల పిల్లలు సాధారణంగా ఫ్రెంచి బడికే వెళ్లాలన్నది ఆ చట్టమే. అందుకే "ఇంగ్లీషుతో గడిచిపోతుందిలే" అనుకుని వచ్చిన తెలుగు కుటుంబాలకు ఆఫీసులో గడిచినా, పిల్లల బడి నుంచి వచ్చే కాగితం దగ్గర గడవదు.

రాజమండ్రి నుంచి వచ్చి మాంట్రియల్ నగరంలోని పార్క్ ఎక్స్‌టెన్షన్‌లో కాపురముంటున్న ఒకావిడకు ఆ కాగితాలే ఫ్రెంచి నేర్చుకోవాలన్న పట్టుదల పుట్టించాయి. ప్రభుత్వం ఉచితంగా నేర్పుతుంది. 2023లో మొదలైన ఫ్రాఁసిజాసియోఁ క్యూబెక్ అనే ప్రభుత్వ సేవలో ఆన్‌లైన్ తరగతులూ ఉన్నాయి. కానీ చంటిబిడ్డ నిద్ర తరగతి వేళలను బట్టి నడవదు. దాంతో ఆవిడ చదువు వంటింట్లో, ఫోనులో మొదలైంది.

యాప్‌లో మాటలు తొందరగానే వచ్చాయి. బస్సులో పక్కవాళ్లు మాట్లాడుకుంటే మాత్రం ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంట్లో కూర్చుని ఫ్రెంచి మొదలుపెట్టే తెలుగువాళ్లలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే. తెలివి తక్కువై కాదు. అక్షరాలు కనబడగానే మనం ఇంగ్లీషులా చదివేస్తాం. ఫ్రెంచిలో మాట చివరి అక్షరాలు చాలావరకు పలకవు. ఎన్ అక్షరం చూసి నాలుకను పైకి తగిలించి "బోన్" అంటాం. వాళ్లేమో గాలిని ముక్కులోంచి వదిలి ఊరుకుంటారు.

ఆవిడ తెర మీది అక్షరాలు చూడడం మానేసి, విన్నది విన్నట్టు తెలుగులో రాసుకోవడం మొదలుపెట్టింది. బోఁ, మేజోఁ, బ్లాఁ. బడిలో ఇప్పుడు ఎవరూ పట్టించుకోని అరసున్న ఫ్రెంచి ముక్కుపలుకులకు చక్కగా అమరింది. 'లే' పక్కన 'ఆమీ' చేరితే 'లేజామీ' అవుతుంది. సంధుల్లో పెరిగిన చెవికి అది కొత్తేమీ కాదు. క్యూబెక్ వాళ్లు 'తూ' అనరు, దాదాపు 'ౘూ' అంటారు. మనం ౘుట్టం, ౘాప అన్నప్పటి దంత్య చకారమే అది. 'దిమాఁష్' అనే ఆదివారంలో జడలోని ౙ వినిపిస్తుంది. ఈ శబ్దాలు మన నోట్లో ముందే ఉన్నాయి. ఇంగ్లీషు మీదుగా చుట్టు తిరిగి వెళ్లే అవసరం లేదని ఈ వ్యాసకర్త గట్టిగా నమ్ముతున్నాడు.

తెలుగు ఆదుకోని చోట్లూ ఉన్నాయి. మనకు బల్ల, పుస్తకం రెండూ 'అది'. ఫ్రెంచిలో బల్ల ఆడ, పుస్తకం మగ. దీనికి అడ్డదారి లేదు, మాటను దాని ముందుండే 'ల', 'లా'తో కలిపే బట్టీ పట్టాలి. అందుకే ఆవిడ డబ్బాల మీద ఉప్పుకు 'ల సెల్', పిండికి 'లా ఫారీన్', బియ్యానికి 'ల రీ' అని చీటీలు అంటించింది.

వినడానికి ఆవిడ ఎంచుకున్నది ఫ్రాన్స్ దేశపు ఆర్‌ఎఫ్‌ఐ రేడియో వాళ్ల సులభ ఫ్రెంచి వార్తలు. పది నిమిషాలే, చదివిన పాఠమంతా అచ్చులో కూడా దొరుకుతుంది. ముందు కాగితం చూడకుండా వినడం, తర్వాత చూస్తూ వినడం, ఆపైన గొంతెత్తి చదవడం. అది పారిస్ యాస కాబట్టి, స్థానిక మాటతీరు కోసం కెనడా ప్రభుత్వ ప్రసార సంస్థ ఉచితంగా ఇస్తున్న 'మోరిల్' యాప్ చూస్తుంది. లైబ్రరీ నుంచి కాయూ బొమ్మల పుస్తకాలు తెచ్చి పెద్దపిల్లకు చదివి వినిపిస్తుంది. మన పిల్లలు ఇంగ్లీషు కార్టూన్‌గా ఎరిగిన ఆ బోడిగుండు కుర్రాడు పుట్టింది క్యూబెక్‌లోనే, ఫ్రెంచిలోనే.

అంకెలే ఇంకా ఇబ్బంది పెడుతున్నాయి. తొంభై ఏడుకు ఫ్రెంచిలో 'నాలుగు ఇరవైలు పదీ ఏడు' అంటారు. జాఁ తాలోఁ మార్కెట్లో టమాటాల ధర నాలుగు డాలర్ల తొంభై ఏడు సెంట్లని చెబితే, ఆ రెండు నాలుగుల్లో డాలర్లు ఏవో, సెంట్లు ఏవో చెవి వెంటనే తేల్చుకోవాలి. ఇప్పుడావిడ రోజూ కిరాణా రసీదు తీసి, ఒక్కో ధరను పైకి చదువుతూ కూరలు తరుగుతుంది.