కత్తులు మార్చితే సరిపోదు

మేమిద్దరము అన్నదమ్ములము. గోదావరి కాలువ గట్టున ఉన్న మా ఊరిలో 30 ఏండ్లుగా తలుపులు, కిటికీలు, మంచములు చేసి జీవిస్తున్నాము. మా నాన్నగారు జీవితమంతా చేతి చిత్రికతోనే పని చేశారు. మేము మాత్రము కొంత కూడబెట్టి, 13 అంగుళముల వెడల్పు పలకను చిత్రిక పట్టగల ప్లానర్ మెషిన్ ఒకటి కొనుక్కున్నాము. ఈ మెషిన్ వలన ఇటీవల మా ఇంట జరిగిన సంగతి మీతో చెప్పుకోవాలని ఆశపడుతున్నాము. పనివారికి ఉపయోగపడవచ్చు, తండ్రులకు ఇంకా ఎక్కువగా ఉపయోగపడవచ్చు.

తెలియనివారి కొరకు ఒక మాట. ఈ మెషిన్‌లో బల్లపైన ఒక ఇనుప దిమ్మె గిరగిర తిరుగుతుంది. దానికి కత్తులుంటాయి. ముందున్న రోలరు పలకను లోపలికి లాగుతుంది, కత్తులు పైపొరను తీస్తాయి, వెనుకనున్న రోలరు పలకను బయటికి పంపుతుంది. మా పాత దిమ్మెకు మూడు పొడుగాటి కత్తులుండేవి. టేకు చెక్కలో ఇసుకవంటి పదార్థము ఉంటుంది గనుక కత్తులు త్వరగా మొద్దుబారేవి. వాటిని విప్పి, సానపట్టి, మరల సమముగా బిగించేసరికి సగము దినము గడిచిపోయేది.

మా అబ్బాయి ఐ.టి.ఐ. చదువు ముగించుకొని మాతో పనిలో చేరాడు. స్పైరల్ కట్టర్ హెడ్ వేయిద్దామని వాడే మాకు చెప్పాడు. అందులో పొడుగు కత్తులుండవు. చిన్న చిన్న నలుచదరపు కార్బైడ్ బిళ్ళలు మెలికలు తిరిగిన వరుసలలో ఉంటాయి. ఒక్కొక్క బిళ్ళకు నాలుగు అంచులు. ఒక అంచు అరిగితే బిళ్ళను త్రిప్పి బిగిస్తే చాలును. బిళ్ళలన్నీ ఒకేసారి చెక్కను తాకవు గనుక శబ్దము కూడా తక్కువే. వాడి మాట విని, దాదాపు నెల సంపాదన పెట్టి ఆ హెడ్ తెప్పించి, ఒక శనివారమునాడు మేమే బిగించుకున్నాము.

అప్పటికి మా చేతిలో ఒక కొత్త ఇంటి తలుపుల పని ఉన్నది. బయానా తీసుకున్నాము. గృహప్రతిష్ఠకు ఇంకా 12 దినములే ఉన్నవి.

మొదటి పలక పెట్టగానే శబ్దము తగ్గినందుకు ఎంతో సంతోషించాము. ఆ సంతోషము రెండు అడుగులైనా సాగలేదు. పలక మధ్యలో ఆగిపోయింది. రోలరు తిరుగుతూనే ఉంది గాని చెక్క కదలలేదు, మాడిన వాసన వచ్చింది. చేతితో నెట్టి బయటికి తీస్తే పలక రెండు కొనలలోను రెండేసి అంగుళముల మేర గుంట పడింది. పైగా పొడవునా దారము గీసినట్లు ఒక గాడి. మూడు పలకలు అట్లే పాడైనవి. మంచి టేకు పలకలు!

మాలో పెద్దవానికి కోపము ఆగలేదు. “పాతది బాగానే ఉంది కదరా! నీ మాట విని డబ్బు నీళ్ళపాలు చేసుకున్నాము” అన్నాడు. చిన్నవాడు వారించకపోగా తానూ రెండు మాటలు కలిపాడు. అబ్బాయి బదులు పలుకలేదు. ఆ రాత్రి భోజనమునకు కూడా రాలేదు.

సోమవారము ఉదయమున మేము పాత దిమ్మెను మరల బిగించుటకు పానాలు తీస్తుండగా వాడు వచ్చి, “నాన్నా, బాబాయ్, విప్పేముందు ఒక్కసారి కొలిచి చూద్దాము. తప్పు హెడ్‌దో, మనదో తెలిసిపోతుంది” అన్నాడు. అది న్యాయమైన మాట గనుక కాదనలేకపోయాము.

మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజు కూడా తీసివేశాము. ఒకే మందము గల రెండు చెక్కముక్కలను బల్ల మీద కుడి ఎడమల పెట్టాడు. హెడ్‌ను చేతితో త్రిప్పుతూ, బిళ్ళ అంచు ముక్కకు తగిలీ తగలనట్లుండే వరకు బల్లను లేపాడు. తరువాత ఫీలర్ గేజు రేకులతో రోలరు ఎత్తు చూశాడు. మా మెషిన్‌లో రోలరు, కత్తి అంచు కంటె అర మిల్లీమీటరు క్రిందుగా ఉండవలెను. కొత్త హెడ్ కోత చుట్టు పాతదాని కంటె కొంచెము పెద్దది గనుక ఇప్పుడు రెండూ ఒకే మట్టమునకు వచ్చినవి. ఇక రోలరుకు చెక్క మీద పట్టు ఎక్కడిది? పలక ఆగిపోయినది అందుకే. కొనలు పైకి లేచి గుంటపడినది కూడా అందుకే.

రెండు ప్రక్కల మరలు సవరించి, రోలర్లను కుడి ఎడమల సమముగా దించాము. కత్తికి ముందువెనుకల చెక్కను అదిమిపట్టే పట్టీలను కూడా కొత్త కోత మట్టమునకు సరిచేశాము. బెల్టు బిగువు చూశాము, అది సరిగానే ఉన్నది.

గాడి సంగతి మిగిలింది. పలక మీద గాడి ఎక్కడున్నదో బల్ల మీద అక్కడ సుద్దతో గుర్తు పెట్టి, ఆ వరుసలోని బిళ్ళలను విప్పి చూశాము. ఒకదాని క్రింద రవ్వంత పొట్టు ఇరుక్కున్నది. అంతే! ఆ రవ్వ వలన బిళ్ళ పైకి లేచి లోతుగా కోసింది. బిగించునప్పుడు గూళ్ళను తుడువక తొందరపడినది మేమే. గూడును బ్రష్షుతో శుభ్రము చేసి, టార్క్ రెంచితో తయారీదారు చెప్పినంత మాత్రమే బిగించాము. బలమంతా పెట్టి బిగిస్తే కార్బైడ్ పగులుతుంది.

మరల పలక పెట్టాము. ఆగకుండా సాగిపోయింది. గాడి లేదు, కొనలు కూడా బాగుపడినవి. అయితే పైన చుక్కలు చుక్కలుగా నొక్కులు కనబడినవి. వాటి కారణము చెప్పినది మా అమ్మ. ఆమె రోజూ పొట్టు పొయ్యి కొరకు పొట్టు ఎత్తుకొని వెళ్తుంది. “ఇదివరకు పొట్టు చుట్టలు చుట్టలుగా వచ్చేది, ఇప్పుడు నూకల్లా వస్తోందిరా. కొంత లోపలే ఉండిపోతున్నట్టుంది” అన్నది. నిజమే. ఆ నూకలను వెనుక రోలరు చెక్కలోనికి అదుముతున్నది. గొట్టము శుభ్రపరచి, పొట్టు లాగే ఫ్యానును సరిచేయగా నొక్కులు పోయినవి.

పాడైన పలకలను కిటికీ చట్రములకు కోసి వాడుకున్నాము. మూడు కొత్త పలకల ఖర్చు మేమే భరించాము. తలుపులు గృహప్రతిష్ఠకు ముందురోజు సాయంకాలము బిగించి వచ్చాము.

ఆ రాత్రి భోజనము దగ్గర పెద్దవాడు అబ్బాయితో, “ఆ రోజు నోరు జారాను. మనసులో పెట్టుకోకు” అన్నాడు. చిన్నవాడు, “నాదీ అదే మాట” అన్నాడు. వాడు తల వంచుకొని, “బిళ్ళల క్రింద తుడవనిది నేనే కదా బాబాయ్” అన్నాడు. అందరము నవ్వుకున్నాము. కాని మాకు లోలోపల సిగ్గుగానే ఉన్నది. కొలవకముందే తీర్పు చెప్పినది మేము. తిట్లు తిన్న తరువాత కూడా కొలుద్దామని వచ్చినది వాడు.

ఒక భాగము మార్చినప్పుడు దాని ఇరుగుపొరుగునున్న భాగములన్నిటిని దానికి తగినట్లు సరిచూచుకోవలెను. లేనియెడల కొత్తది ఎంత మంచిదైనా చెడ్డపేరు దానికే వస్తుంది. ఎదిగిన కుమారుడు పనిలోనికి వచ్చినప్పుడు కూడా అంతే. వాడు వచ్చాడు గాని మేము మా పాత మట్టముననే ఉండిపోయాము. ఇప్పుడు మా దుకాణములో ఫీలర్ గేజు గోడకు వ్రేలాడుతున్నది. ఎవరి మీదనైనా కోపము వచ్చినప్పుడు మా కన్ను ముందుగా దాని మీదికే పోతున్నది.