నోటితో ఊపిరి పీల్చేవారికి ఏ మాస్కు?

గురక పెట్టి నిద్రపోయే మనిషిని చూసి “ఎంత హాయిగా పడుకున్నాడో!” అనుకోవడం మనవాళ్ళకి అలవాటు. ఆ గురకని కాసేపు జాగ్రత్తగా వినండి. నోరు తెరుచుకుని గుర్రుగుర్రుమంటూ ఉన్నవాడు ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోతాడు. కొంతసేపటికి ఉలిక్కిపడినట్టు కదిలి, పెద్ద శబ్దంతో గాలి లాక్కుని మళ్ళీ గురక అందుకుంటాడు. మధ్యలో నిశ్శబ్దంగా ఉన్నంతసేపూ అతనికి ఊపిరి ఆడలేదన్నమాట. దీన్నే స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో గొంతు కండరాలు సడలి, నాలుక వెనక్కి జారి, గాలి దారి మూసుకుపోవడం వల్ల ఇలా జరుగుతుంది.

ఊపిరి పది సెకన్లు, ఆపైన ఆగినా, బాగా తగ్గిపోయినా ఒకసారి కింద లెక్క. అలా గంటకు 5 నుంచి 15 లోపు అయితే జబ్బు స్వల్పం. 15 నుంచి 30 లోపు మధ్యరకం. 30, ఆపైన అయితే తీవ్రం. రక్తపోటు, గుండె జబ్బు, పగటి పూట ఆగని కునికిపాట్లు దీని వెంట వస్తాయి.

1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సల్లివాన్, ముక్కు ద్వారా కొద్దిపాటి ఒత్తిడితో గాలి పంపితే గొంతు మూసుకుపోకుండా నిలబడుతుందని నిరూపించాడు. ఆ యంత్రమే సీపాప్. గాలి పంపడం యంత్రం పని. ఆ గాలి వృథాగా పోకుండా గొంతుకు చేరడం మాస్కు మీద ఆధారపడి ఉంటుంది. నేను చూసిన రోగుల్లో యంత్రాన్ని అటకెక్కించినవారిలో ఎక్కువమంది మాస్కు పడకనే ఆ పని చేశారు. వారిలోనూ నోటితో ఊపిరి పీల్చేవారే ఎక్కువ.

ఒక బస్సు డ్రైవరు మా ఆసుపత్రికి వచ్చారు. వయస్సు నలభై ఎనిమిది. పరీక్షలో గంటకు నలభైసార్లకు పైగా ఊపిరి ఆగుతోంది. మొదట ముక్కు మాస్కు కొన్నారు. రాత్రి నోరు తెరుచుకోగానే ముక్కులోంచి వెళ్ళిన గాలి నోట్లోంచి బయటికి వచ్చేసి, తెల్లవారేసరికి నాలుక పిడచగట్టుకుపోయేది. అది మార్చి, ముక్కునీ నోటినీ కప్పే పెద్ద మాస్కు కొన్నారు. గాలి కారుతోందని పట్టీలు బిగించారు. ముక్కు దూలం మీద పుండు పడింది.

“నాకొద్దండీ డాక్టరుగారూ, ఇది పెట్టుకుంటే అసలు నిద్రే లేదు” అన్నారు. పక్కనున్న ఆయన భార్య, “స్టీరింగు ముందు కళ్ళు మూతలు పడుతున్నాయని ఆయనే చెప్పారండీ” అన్నది మెల్లిగా. ఆ మాట వింటే బస్సులో కూర్చున్న యాభైమంది నా కళ్ళ ముందు మెదిలారు. మగత తగ్గేదాకా బస్సు నడపవద్దని గట్టిగా చెప్పి, సెలవుకు సర్టిఫికెట్టు రాసిచ్చాను.

తర్వాత ఆయన ముక్కు చూశాను. నోరు మూసుకుని మూడు నిమిషాలు ముక్కుతోనే ఊపిరి పీల్చమంటే నిమిషానికే నోరు తెరిచేశారు. ఎలర్జీతో ముక్కు లోపల వాచిపోయి ఉంది. ముక్కులో కొట్టుకునే స్ప్రే కొన్ని వారాలు వాడించి, యంత్రానికి గాలిని వెచ్చగా తేమగా చేసే నీటి తొట్టి పెట్టించాను. పక్కన పెట్టేసిన ఆ ముక్కు మాస్కే ఆయనకు సరిపోయింది. పగటి మగత తగ్గిందని మళ్ళీ పరీక్షించి నిర్ధారించుకున్నాకే డ్యూటీకి పంపాను.

నా సంగతి వేరు. నేనూ ఈ యంత్రం పెట్టుకునే పడుకుంటాను. నా ముక్కు దూలం వంకర. స్ప్రేలతో దారి తెరుచుకోదు. ఆపరేషను వాయిదా వేస్తూ వస్తున్నాను కనుక ముక్కునీ నోటినీ కప్పే మాస్కే నాకు శరణ్యం.

ఇందులో పాఠకులు గ్రహించవలసింది ఏమంటే, నోటితో ఊపిరి పీల్చేవారందరికీ పెద్ద మాస్కే అవసరమని అనుకోకూడదు. మొదట ముక్కు పరీక్ష చేయించుకోవాలి. వీలైనంతవరకు ముక్కు మాస్కే మేలని అమెరికన్ నిద్రా వైద్య సంఘం 2019లో సూచించింది. పెద్ద మాస్కు అంచు పొడవు ఎక్కువ గనుక గాలి కారే చోట్లూ ఎక్కువే. పైగా పట్టీలు దవడను వెనక్కి నొక్కితే నాలుక కూడా వెనక్కి జరుగుతుంది. అప్పుడు ఎక్కువ ఒత్తిడి కావలసి రావచ్చు. ముక్కు బాగానే ఉండి నోరు మాత్రం తెరుచుకునేవారికి గడ్డం కింద పట్టీ కొంత సాయపడవచ్చు. ముక్కు దిబ్బడ ఉన్నవారు నోటికి ప్లాస్టరు అంటించుకోవడం మాత్రం ప్రమాదం.

పెద్ద మాస్కే కావలసివస్తే ఈ జాగ్రత్తలు పాటించండి.

కొట్లో కూర్చుని కొలత చూసుకుంటే చాలదు. పడుకుని, యంత్రం నడిపించి, పక్కకు తిరిగి చూడాలి. కట్టుడు పళ్ళు తీసి పడుకునేవారు అవి తీసేసే కొలత చూసుకోవాలి. పట్టీ కింద ఒక వేలు దూరేటంత వదులు ఉండాలి. మాస్కు మెత్త గాలితో కాస్త ఉబ్బి ముఖానికి అతుక్కుంటుంది. బిగిస్తే ముడతపడి ఇంకా కారుతుంది. ముక్కు దూలం దగ్గర పుండు పడేవారికి ముక్కు కింద నుంచి ఆనుకునే రకం దొరుకుతుంది. మీసం, గడ్డం ఉన్నవారు సందుల్లోంచి గాలి కారడం లేదని చూసుకోవాలి. ముఖానికి కొబ్బరి నూనె, క్రీములు రాసుకుని మాస్కు పెట్టుకోకండి. సిలికోను త్వరగా పాడవుతుంది. రోజూ మామూలు సబ్బు నీళ్ళతో కడిగి నీడలో ఆరబెడితే చాలు.

మరికొన్ని హెచ్చరికలు. ఆసుపత్రుల్లో వెంటిలేటరుకు తగిలించే కొన్ని మాస్కులకు, విడిచిన గాలి బయటికి పోయే చిల్లులు ఉండవు. చవకగా వచ్చిందని అది సీపాప్‌కు తగిలిస్తే విడిచిన గాలే తిరిగి పీల్చవలసివస్తుంది. కరెంటు పోతే బయటి గాలి లోపలికి వచ్చేందుకు పెద్ద మాస్కుకు ఒక కవాటం ఉంటుంది. అది పనిచేస్తోందో లేదో చూసుకుంటూ ఉండాలి. ఇక కొన్ని మాస్కుల పట్టీలకు అయస్కాంతాలుంటాయి. గుండెలో పేస్‌మేకరు, మెదడు రక్తనాళాలకు లోహపు క్లిప్పులు ఉన్నవారు అటువంటివి కొనకూడదు. అటువంటి వారి పక్కన పడుకునేవారికి కూడా ఇదే వర్తిస్తుంది.

మాస్కుకు అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుంది. ముందు పగటిపూట పేపరు చదువుకుంటూ అరగంట పెట్టుకోండి. మధ్యాహ్నం కునుకు తీసినా వదలకండి. అప్పటికీ సరిపడకపోతే ఆ మాస్కు సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. వెంట మీ గురక వినే మనిషిని కూడా తీసుకువెళ్ళండి. రాత్రి ఏం జరుగుతోందో మీకంటే వారే బాగా చెప్పగలరు.