గడప ముందరి కన్ను



ఛందస్సు, సామెతలు, పాత బడి ముచ్చట్లు తప్ప వేరేమీ వ్రాయని నేను ఈసారి కోర్టు వాసన తగిలే మాటలు వ్రాస్తున్నాను. నాకు కలిగిన ఇబ్బంది మీలో చాలామందికి కలిగే ఉంటుంది. నేను తెలుసుకున్నది నలుగురికీ పనికివస్తుందని ఈ ప్రయత్నం.

నేను పుట్టి పెరిగినది గురజాల ప్రాంతపు పల్లెలో. నాపరాళ్ళు పరచిన వసారా, ముందు వాకిలి, వెనుక దొడ్డి. పొరుగింటివారు గొంతెత్తి పోట్లాడుకున్నా ఆ మాటలు వేపచెట్టు దాటి మా చెవిన పడేసరికి సగం అరిగిపోయేవి. ఉద్యోగ విరమణ తరువాత, ఆసుపత్రులు దగ్గరగా ఉంటాయని, నరసరావుపేటలో చిన్న ఫ్లాటు కొనుక్కొని చేరాము. మన పైకప్పే ఇంకొకరికి నేల అన్న సంగతి చేరిన తరువాత గాని అనుభవానికి రాలేదు.

మా పై అంతస్తులో ఒక యువకుడున్నాడు. రాత్రి పదకొండు దాటిన తరువాత అతనికి సినిమా చూసే వేళ. సంభాషణలు వినబడవు, పెట్టెలోంచి వచ్చే 'ధుమ్ ధుమ్' అనే మోత మాత్రం శ్లాబు గుండా దిగి మా మంచపు కోళ్ళలోకి వస్తుంది. శివరాత్రికి కోటప్పకొండ ప్రభల హోరు మాకు కొత్త కాదు. అది ఏడాదికొకమారు వచ్చేది, ఊరందరిదీ. ఇది నిత్యమూ వచ్చేది, ఒక్కరిది. రక్తపోటు మనిషి అయిన మా శ్రీమతి అర్ధరాత్రి లేచి కూర్చొని, "ఏమండీ, తగ్గిందంటారా?" అని అడిగేది. తగ్గేది కాదు.

అది చాలదన్నట్లు ఎదురు ఫ్లాటు గృహిణి తన తలుపు పైన సీసీ కెమెరా ఒకటి బిగించింది. నడవ వెడల్పు నాలుగు బారలు కూడా లేదు. ఆ కెమెరా చూపు తిన్నగా మా గడప మీద పడుతుంది. మా శ్రీమతికి సాయంత్రం వేళ తలుపు తీసి, గడప దగ్గర కూర్చొని ఆకుకూర బాగుచేసుకోవడం అలవాటు. కెమెరా వచ్చిన వారం నుంచి తలుపు మూతపడింది. తెల్లవారుజామున గడప ముందు వేసే రెండు గీతల ముగ్గు కూడా మానేసింది. ఎందుకని అడిగితే, "వంగి ముగ్గు వేస్తుంటే ఎవరో వెనుక నిలబడి చూస్తున్నట్లుంటుందండీ" అన్నది. ఆ మాట నన్ను నిద్రలేమి కంటె ఎక్కువ బాధించింది.

తెలుగు పండితుణ్ణి కదా, అర్జీ వ్రాయడానికి కూర్చున్నాను. సమాసాలు దట్టించి మూడు పుటలు వ్రాసి శ్రీమతికి చదివి వినిపించాను. "ఇది చదివితే ఆ పిల్లవాడు శబ్దం తగ్గించడు, నిఘంటువు కొనుక్కుంటాడు" అన్నది. అర్జీ చింపి, కోర్టులో వకీలుగా ఉన్న నా పూర్వవిద్యార్థి దగ్గరకు వెళ్ళాను. అతడు చెప్పినదీ, తరువాత నేను చదివి తెలుసుకున్నదీ ఇది.

చెవికి చట్టం కొలత ఇచ్చింది. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించరాదు. రాత్రి అంటే పది గంటల నుంచి ఉదయం ఆరు వరకు. ఆ నియమాలు మైకులకే పరిమితం కావు. సొంత ఇంటిలో మ్రోగే వాద్యానికీ, శబ్దపు పెట్టెకూ హద్దు చెప్పినవి. పరిమితికి పది డెసిబెల్స్ మించినా, రాత్రివేళ నిషేధాన్ని ఉల్లంఘించినా అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. ఆ అధికారి జిల్లా కలెక్టరు గాని, డీఎస్పీ హోదాకు తగ్గకుండా ప్రభుత్వం నియమించిన అధికారి గాని కావచ్చు. 2005 జూలైలో సుప్రీంకోర్టు ఇంకొక మెట్టు పైకెక్కి, నెమ్మదిగా బ్రతికే హక్కు రాజ్యాంగపు 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమన్నది. ఇష్టం లేని శబ్దాన్ని బలవంతంగా వినిపించే హక్కు ఎవరికీ లేదన్నది.

బాధ పదిమందిది అయినప్పుడు అది ప్రజాపీడ. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 292వ సెక్షను దానికి వెయ్యి రూపాయల వరకు జరిమానా చెబుతుంది. ఆ పీడను తొలగించమని ఆజ్ఞ ఇచ్చే అధికారం నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షను కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఉన్నది. బాధ ఒక్క ఇంటిదే అయితే సివిలు కోర్టులో నిషేధాజ్ఞ కోరాలి.

కంటి సంగతి వచ్చేసరికి చట్టం కొంత తడబడుతుంది. స్త్రీల ఏకాంత చర్యలను చాటుగా చూడడం, చిత్రించడం న్యాయ సంహిత 77వ సెక్షను కింద నేరం. శరీరపు గుహ్యభాగాలను అనుమతి లేకుండా చిత్రిస్తే సమాచార సాంకేతిక చట్టం 66ఇ కింద మూడేళ్ళ వరకు జైలు. గడప దగ్గర ఆకుకూర బాగుచేసుకొనే ఇల్లాలు ఈ రెండింటిలోకీ రాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం కూడా సొంత గృహావసరాల కోసం చేసే పనిని మినహాయించింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అన్నది. ఒకే ఇంటిలో ఉంటున్న అన్నదమ్ముల తగవులో, తోటివారి సమ్మతి లేకుండా నివాసభాగంలో కెమెరాలు నడపరాదని కలకత్తా హైకోర్టు తీర్పు ఇవ్వగా, దానిలో జోక్యం చేసుకోవడానికి సుప్రీంకోర్టు 2025 మే నెలలో నిరాకరించింది. అంటే దారి ఉన్నది. అది పోలీసు ఠాణా కంటె సివిలు కోర్టు వైపే ఎక్కువగా పోతుంది. ఇక నడవ, మెట్లు వంటివి 1987 నాటి మన అపార్టుమెంట్ల చట్టం ప్రకారం అందరి ఉమ్మడి భాగాలు. వాటిని చూసే కెమెరా పెట్టాలంటే సంఘంలో తీర్మానం చేసుకోవడం ఉచితం.

నన్ను ఆశ్చర్యపరచినది మాత్రం ఇంకొకటి. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 18వ సెక్షనులో ఒక ఉదాహరణ ఉన్నది. పొరుగింటి మరుగును భంగపరిచేలా కొత్త కిటికీ తెరవరాదన్న ఆచారం ఉన్న ఊరిలో, ఇల్లు కట్టుకున్నవాడికి ఆ మరుగు మీద హక్కు వస్తుందని దాని సారాంశం. ఆ చట్టం మొదట అమలైన ప్రాంతాలలో మదరాసు రాజధాని ఒకటి. మా పల్నాడు అప్పుడు అందులోనిదే. కెమెరా ఊహలో కూడా లేని కాలంలో కిటికీని గూర్చి ఈ ఆలోచన చేశారు. మన పల్లెల్లో పొరుగువాడి దొడ్డివైపు కిటికీ పెట్టేముందు ఒక మాట అడిగే మర్యాద ఉండేది. ఆ మర్యాదనే ఇంగ్లీషువాడు సెక్షనుగా వ్రాశాడని నాకు తోచింది.

అంతా చెప్పి నా శిష్యుడు, "కేసు వేద్దాం మాస్టారూ. కాని గెలిచిన మర్నాడు కూడా మీరు ఆ మెట్లే ఎక్కాలి. ముందు మాట్లాడండి. కుదరకపోతే న్యాయసేవా సంస్థలో తెల్లకాగితం మీద అర్జీ ఇద్దాం. కోర్టు ఫీజు ఉండదు. లోక్ అదాలత్‌లో ఇరువురూ రాజీపడితే ఆ అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన బలం, దాని మీద అప్పీలు లేదు" అన్నాడు. కోడిపందెంతో రాజుకున్న తగవు కారెంపూడి రణభూమి దాకా పోయిన కథను ఈ పల్నాటి పిల్లలకు ఏళ్ళ తరబడి చెప్పినవాణ్ణి. వాడి మాట కాదనలేకపోయాను.

ఆ సాయంత్రమే ఎదురింటి తలుపు తట్టాను. ఆవిడ కంగారుపడి కుర్చీ వేసింది. భర్త హైదరాబాదులో ఉద్యోగం, తానూ పదేళ్ళ కూతురూ ఇక్కడ. రెండేళ్ళ క్రితం మెట్ల మీద ఎవడో మెడలో గొలుసు తెంపుకొని పోయాడట. "అప్పటినుంచి చీకటి పడితే గుండె దడ మాస్టారూ. అందుకే పెట్టించాను" అన్నది. మూడేళ్ళుగా ఎదురెదురుగా ఉంటున్నాము. ఆ సంగతి నాకు తెలియదు. నేను ఏనాడూ అడగలేదు.

నమ్మకం కలగడానికి కాబోలు, ఫోనులో కెమెరా చిత్రం చూపించింది. మా గడప, చెప్పులు, తలుపు సందులో హాలు, అందులో నా పడక కుర్చీ. ఆవిడ వేలు తగిలి ముందురోజు భాగమేదో ఆడింది. అందులోంచి ఒక గొంతు ఖంగున వినిపించింది. "ఆ కెమెరా మహాతల్లికి వేరే పని లేదు." గొంతు నాదే. ఆ కెమెరాకు చెవి కూడా ఉన్నదని అప్పుడే తెలిసింది.

కాసేపు ఇద్దరమూ నేలచూపులు చూశాము. ముందు నేనే, "తప్పైపోయిందమ్మా" అన్నాను. ఆవిడ, "నేనూ మీతో ఒక మాట చెప్పి పెట్టవలసింది మాస్టారూ" అన్నది. మర్నాడు కెమెరా బిగించిన కుర్రవాణ్ణి పిలిపించి చూపును మెట్ల వైపు త్రిప్పించింది. మా తలుపు పడే మూల నల్లగా కప్పించింది. శబ్దం పట్టే మీట ఆపు చేయించింది. ఆ రాతకోతలన్నీ సంఘం పుస్తకంలో ఎక్కించాము.

పై ఇంటి యువకుని కథ అంత సుఖాంతం కాలేదు. వెళ్ళి అడిగితే, "అంత కిందకు వస్తుందా మాస్టారూ? నాకు తెలియదండీ" అన్నాడు. మా మంచం మీద కూర్చోబెట్టి వినిపించాను. పెట్టె క్రింద రబ్బరు పలక వేశాడు, గోడకు దూరంగా జరిపాడు. రాత్రి పది తరువాత మోత ఉండరాదని సంఘమూ తీర్మానించింది. శనివారాలు మాత్రం ఆ తీర్మానాన్ని మరచిపోతుంటాడు. తేదీ, వేళ ఒక నోటు పుస్తకంలో వ్రాసిపెడుతున్నాను. శిష్యుడు సిద్ధం చేసిన అర్జీ కూడా బల్ల సొరుగులోనే ఉన్నది. అది బయటకు తీసే అవసరం రాకూడదని కోరుకుంటున్నాను; వస్తే మాత్రం వెనుకాడను.

నిన్న తెల్లవారి పాలపొట్లం కోసం తలుపు తీస్తే గడప ముందు ముగ్గు ఉన్నది. తొక్కకుండా దాటి వెళ్ళాను.

మీ మీ అపార్టుమెంట్లలో ఇటువంటి చిక్కులను ఎట్లా పరిష్కరించుకున్నారో వ్రాయగోరుతాను.