మెరుగూ తరుగూ

నగలు మెరుగు పెట్టించుకున్న ప్రతి ఆడదానికీ తెలిసిన సంగతే, మెరుగు ఊరికే రాదు. గాజులు తళతళలాడుతూ ఇంటికి వస్తాయి గానీ, పిసరంత బంగారం కంసాలి దగ్గరే ఉండిపోతుంది. కారుకి కూడా అంతేనని మొన్న రామన్నపేటలో తెలుసుకున్నాను. బి.ఏ. చదివి నవలలు రాసుకునేదానికి కారు రంగుతో పనేమిటంటారా? చెబుతాను.

నాన్న రిటైరయ్యాక 2012లో కొన్న వాగన్ ఆర్ మా పుట్టింటి వాకిట్లో రేకుల షెడ్డు కింద ఉంది. ముదురు నీలం రంగు. నాన్న పోయి మూడేళ్లయింది. తమ్ముడు వచ్చినప్పుడు ఏ భువనగిరికో వెళ్లి రావడం తప్ప అది కదిలింది తక్కువ. కానీ అమ్మ మాత్రం రోజూ పొద్దున్నే వాకిలి ఊడ్చి ముగ్గేశాక, నాన్న పాత తువ్వాలు తీసుకుని దాన్ని తుడుస్తుంది. దేవుడి పటాలు తుడిచినంత శ్రద్ధగా.

ఈ ఏడు మా అమ్మాయికి లైసెన్సు వచ్చింది. "కారు పిల్లకిస్త. గని కొత్తదాని లెక్క జేపిచ్చి ఇస్త" అంది అమ్మ. "అరగంట పని, షాంపూ పెట్టి కడిగేస్తే సరి" అన్నారు మా వారు. ఇంట్లో గిన్నె కడిగి ఎరగని మనుషులకి ఏ పనైనా అరగంటే!

చిట్యాల నుంచి ఓ కుర్రాడు సంచిలో మిషను పెట్టుకుని మోటారు సైకిల్ మీద వచ్చాడు. ముందు కారు కడిగాడు. మా బోరు నీళ్లు ఆరిన చోటల్లా తెల్లటి చుక్కలు పెడతాయి. నల్లగొండ వైపు నీళ్ల సంగతి మీకు కొత్తగా చెప్పాలా! అందుకని ఆరకముందే మెత్తటి గుడ్డతో అద్దాడు. చపాతీ ముద్దలాంటి ఒక బంకని తడిమీద రాస్తే, కడిగినా పోని మురికి దానికి అంటుకుని వచ్చింది. అప్పుడు సెల్‌ఫోను లైటు బానెట్ మీద వేసి, "చూడుండ్రి మేడం" అన్నాడు.

సాలెగూడు! లైటు ఎటు జరిపితే అటు సన్నటి గీతలు, గుండ్రంగా, వేలకు వేలు.

రంగు మీద కంటికి కనపడని వార్నిషు పొర ఒకటి ఉంటుందట. దాని మందం 40, 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక దాదాపు 70 ఉంటుంది, ఆలోచించండి. గీతలన్నీ ఆ పొరలోనే. వాటిని పూడ్చడం అంటూ ఉండదు. గీత అడుగు దాకా చుట్టూ ఉన్న వార్నిషునే అరగదియ్యాలి. మైనం పూసి కప్పిపుచ్చేవాళ్లున్నారు గానీ, నాలుగుసార్లు కడిగేసరికి గీతలు మళ్లీ మొహం చూపిస్తాయి.

"రోజూ పొడిబట్టతోని తుడుస్తరా ఎవరన్న?" అనడిగాడు కుర్రాడు, పాపం ఏమీ తెలియక.

అమ్మ చాయ్ గ్లాసు పట్టుకుని గడపలోనే ఉంది. మాది రాళ్ల నేల. దుమ్ములో కంటికి ఆనని ఇసక ఉంటుంది. దాన్ని తువ్వాలుతో గుండ్రంగా తిప్పితే గీతలు పడక ఏమవుతాయి? మూడేళ్లంటే వెయ్యి పొద్దులు. ఇన్ని నవలలు రాశానా, ఆ క్షణాన ఒక్క అబద్ధం అల్లలేకపోయాను.

"నేనే బిడ్డా. గీతలన్ని నేనే గీసిన" అంది అమ్మ.

కుర్రాడు తల వంచుకుని, అరచేతిలో పట్టే ఒక మీటరు తీసి రేకు మీద అక్కడక్కడా ఆనించాడు. రంగు మందం చెబుతుందది. బానెట్ 115. పైకప్పు 110. వెనక ఎడమ తలుపు దగ్గర 380 అంది! అతను మళ్లీ ఆనించాడు. మళ్లీ అంతే.

"ఈ డోరుకు మళ్ల రంగేసిండ్రు. కింద లప్పం గూడ ఉన్నది."

"అబ్బే, ఈ కారు ఎక్కడా గుద్దుకోలేదు" అన్నాను. నాన్న డ్రైవింగు మీద ఇంటిల్లిపాదికీ అంత నమ్మకం.

"గుద్దుకున్నది" అంది అమ్మ తాపీగా. "యాడనో తాకిచ్చిండు మీ నాయన. సర్వీసింగుకిచ్చిన అని రెండ్రోజులు బండి తేలే. కొత్త రంగు వాసన నాకు తెల్వదా?"

"మరి అడగలేదా?"

"మనిషికి దెబ్బ తాకలే. ఇగ అడుగుడెందుకు? ఊకున్న."

పదేళ్లు ఆ తలుపునీ రోజూ చూస్తూ ఊకుంది మా అమ్మ. ఆయన చెప్పకుండానే వెళ్లిపోయారు.

కుర్రాడు రేకుల అంచులకి కాగితం పట్టీలు అంటించాడు. అంచుల్లో రంగు పలచన, మిషను తగిలితే లేచిపోతుందట. బానెట్ మూల జానెడు మేర ముందు పట్టి చూసుకుని, అప్పుడు అసలు పని మొదలెట్టాడు. అతని మిషను చక్రం తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది, అందుకని వేడి ఒకే చోట చేరదు. ఉత్తినే గిర్రున తిరిగే రకమైతే చెయ్యి తిరగనివాడి చేతిలో రంగే కాలుతుందన్నాడు. వెనక తలుపుని మాత్రం పైపైనే తడిమాడు. మీటరు మొత్తం మందం చెబుతుంది గానీ అందులో వార్నిషెంతో, లప్పమెంతో చెప్పదు కదా.

సాయంత్రానికి బానెట్‌లో మా వేపచెట్టు ఆకులు లెక్కపెట్టుకోవచ్చు. అక్కడక్కడా లోతు గీతలు కొన్ని మిగిలాయి. "ఇంకోసారి పట్టమంటరా? ఇప్పటికి రెండు మూడు మైక్రాన్లు పోయినయి" అన్నాడు.

"వద్దు. ఎంత పోవాల్నో అంత పోయింది" అంది అమ్మ, నగలు మెరుగుకిచ్చే మనిషిలాగే.

కుర్రాడు వెళ్తూ వెళ్తూ ఒక మెత్తటి గుడ్డ అమ్మ చేతిలో పెట్టాడు. మేం కారుతో హైదరాబాదు వచ్చేశాం. మర్నాడు తెల్లారకముందే ఫోను.

"బండి మీద దుమ్ము పడ్డదా?"

"పడే ఉంటుందమ్మా."

"పిల్లకు చెప్పు, ఊకె తుడవద్దని. ముందుగాల నీళ్లు పొయ్యాలె."