తవ్వకం

డేటా స్ట్రక్చర్స్ మొదటి మిడ్‌లో నాకు 30కి 6 వచ్చాయి. ఇంటర్ దాకా తెలుగు మీడియం. స్టాక్ అంటే ‘లాస్ట్ ఇన్, ఫస్ట్ ఔట్’ అని బట్టీ పట్టాను. పుష్, పాప్ కోడ్ కూడా అంతే. ప్రశ్న కాస్త తిప్పి అడిగేసరికి చేతులెత్తేశాను.

మా నాన్న విశాఖ రేవులో క్రేన్ ఆపరేటర్, కంటైనర్ యార్డులో. కాలేజీలో ఎవరైనా అడిగితే ‘పోర్టులో జాబ్’ అని ఊరుకునేవాణ్ణి. ఆ రాత్రి డ్యూటీ దిగి వచ్చి, నా నోట్సులో ఒకదాని మీద ఒకటి గీసిన డబ్బాలు చూశాడు.

“ఏటిరా ఇది? మా యార్డా?”

“కాదు నాన్నా. నీకు తెలీదులే.”

“తెలీకపోడమేటి? అడుగుది కావాలంటే పైవన్నీ తియ్యాల. మేం తవ్వడం అంటాం.”

పేజీ తిప్పబోయి ఆగాను.

ఐదు పెట్టెల దొంతరలో అడుగుది కావాలంటే ముందు నాలుగు ఎత్తి పక్కన పెట్టాలి. లారీవాడికి కావలసింది ఒక్కటే. మిగతా నాలుగు ఎత్తుళ్లూ వాడి లెక్కలోకి రావు. ఏ లారీ ముందొస్తుందో తెలిస్తే, ముందు పోయేదాన్ని పైన పేర్చొచ్చు. చాలాసార్లు తెలీదు. పైగా ఎత్తినదాన్ని ఎక్కడో దించాలి కదా. తప్పు దొంతర మీద దించితే రేపు మళ్ళీ తవ్వకం.

“నువ్వయితే ఎక్కడ దించుతావు?” అన్నాడు నాన్న. నోట్సులో జవాబు లేదు.

తర్వాతెప్పుడో చదివాను. 1946లో సమర్పించిన కంప్యూటర్ నమూనా నివేదికలో అలన్ ట్యూరింగ్ ఈ పనులను పుష్, పాప్ అనలేదు. పాతిపెట్టడం, తవ్వి తీయడం అనే అర్థమొచ్చే మాటలు వాడాడు. నాన్న మాటే! ఇంకోటి కూడా తెలిసింది. ఏ పెట్టె ఎప్పుడు పోతుందో ముందే చెప్పేసినా, అన్నిటికన్నా తక్కువ ఎత్తుళ్లతో యార్డు ఖాళీ చేయడం ఎన్‌పీ-హార్డ్ సమస్య. ఎన్ని పెట్టెలున్నా త్వరగా తేల్చే పద్ధతి ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. నేను తప్పిన సిలబస్‌కి చాలా అవతల ఉన్న ప్రశ్నతో ఆయన రోజూ షిఫ్టు దిగుతున్నాడు. నేనేమో ‘నీకు తెలీదులే’ అన్నాను.

రెండో మిడ్ గట్టెక్కాను. ఆ మధ్య డాల్ఫిన్స్ నోస్ కొండ మీంచి ఫ్రెండ్స్‌కి ఔటర్ హార్బర్ చూపిస్తూ, “అదిగో, ఆ క్రేన్ మా నాన్నది” అన్నాను. నిజానికి ఏదో నాకు తెలీదు.

ఆ రాత్రి ఇంటికెళ్ళి అడిగాను.