మందలింపు వెనక

తల్లి మందలించిందనో, తండ్రి ఫోను లాక్కున్నాడనో పిల్లలు ప్రాణం తీసుకున్నట్టు పత్రికల్లో తరచూ వస్తుంది. వైద్యుల అనుభవంలో ఆ మందలింపు చివరి మెట్టు మాత్రమే. అంతకుముందే నెలల తరబడి దిగులు, నిద్ర పట్టకపోవడం, ఇంట్లో తనెవరికీ అక్కర్లేదన్న భావం పేరుకుని ఉంటాయి. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో 2022లో దేశమంతటా 1,70,924 ఆత్మహత్యలు నమోదైతే, 31.7 శాతానికి కుటుంబ సమస్యలు, 1.2 శాతానికి పరీక్ష తప్పడం కారణాలు. ఇవి అన్ని వయసులవీ కలిపిన అంకెలు. పరీక్ష తప్పి ఇంటికి వెళ్లడానికి జంకిన పిల్లాణ్ణి ఏ గడిలో రాస్తారన్నది వేరే ప్రశ్న.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇరవై మందికి పైగా విద్యార్థులు చనిపోయారు. మార్కుల నమోదులో తప్పులు బయటపడి, తప్పిన వారందరి జవాబు పత్రాలనూ ప్రభుత్వం ఉచితంగా మళ్లీ పరిశీలింపజేసింది. ఆ ఏడు తప్పినవారు మూడు లక్షలకు పైనే, వారిలో అత్యధికులు ఆ దారి పట్టలేదు. కాబట్టి ఫలితాన్నొక్కదాన్నే, లేదా ఇంటినొక్కదాన్నే వేలెత్తి చూపడం తగదు. లోపలి కుంగుబాటు, తొందరపాటు స్వభావం, అంతకుముందు చేసిన ఆత్మహత్యా ప్రయత్నం, అన్నీ లెక్కలోకి వస్తాయి.

సికింద్రాబాద్‌లో మానసిక వైద్యుల గదుల్లో ఒక దృశ్యం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మెట్టుగూడ నుంచో వారాసిగూడ నుంచో వచ్చిన కుటుంబం. ప్రశ్న పదహారేళ్ల పిల్లాడికి, జవాబు తల్లిది: "వీడికి ఏ లోటూ చెయ్యలేదండీ." తండ్రి తలుపు దగ్గరే నిలబడి వాచీ చూసుకుంటుంటాడు. పిల్లాడు చొక్కా గుండీ తిప్పుతూ కూర్చుంటాడు. పెద్దల్ని బయటికి పంపాక చాలాసేపటికి మాట వస్తుంది: "ఫీజుకి అమ్మ గాజులు తాకట్టు పెట్టారు సార్. నేను లేకపోతే అవైనా విడిపించుకుంటారు."

తనవాళ్లకు బరువయ్యానన్న నమ్మకం, తనకెవరూ లేరన్న ఒంటరితనం కలిసినప్పుడు చావు కోరిక పుడుతుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ జాయినర్ 2005లో వివరించాడు. తెలుగు ఇళ్లలో ఈ బరువు చాలాసార్లు ప్రేమ మాటల్లోనే అందుతుంది. "ఈ చాకిరీ అంతా నీ కోసమే కదరా" అన్నది తల్లికి మమకారం, కుంగిన కొడుకుకి తీర్చలేని అప్పు. ఆడపిల్లలైతే "గుండెల మీద కుంపటి" అన్న మాట ఊహ తెలిసినప్పటి నుంచీ వింటారు. తాగొచ్చి కొట్టే తండ్రి, పెదనాన్న కొడుకుతో పోలికలు చేసే హాని ఎలాగూ తెలిసిందే.

ఇంటివాళ్లు వైద్యానికి జంకడం మరో చిక్కు. మానసిక వైద్యుడనగానే, హైదరాబాద్ మానసిక ఆసుపత్రి ఉన్న చోటు పేరెత్తి, "ఎర్రగడ్డకా?" అంటారు. ప్రయత్నం చేసి బతికిన పిల్లాడి విషయంలో కేసవుతుందని భయపడి కడుపునొప్పి అని చెబుతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ అలాంటి వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావిస్తుంది, శిక్ష నుంచి కాపాడుతుంది. ఈ సంగతి ఆసుపత్రి వరండాల్లో ఇంకా చాలామందికి తెలియదు.

"చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టదు, పిల్లాడికి నోరు విప్పే వీలు దొరుకుతుంది. ఆసుపత్రి నుంచి పంపాక తొలి వారాల్లో ముప్పు ఎక్కువ కనుక మందులు, పురుగుమందులు తాళంలో పెట్టించాలి, ఒంటరిగా వదలకూడదు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 తెలుగులోనూ పలుకుతుంది. సికింద్రాబాద్‌లో రోష్ని సంస్థ ఏళ్లుగా ఇలాంటి ఫోన్లు అందుకుంటోంది. గాజుల సంగతి చెప్పిన ఆ పిల్లాడు మళ్లీ వచ్చినప్పుడు వైద్యుడు తండ్రికి కుర్చీ వేయించి, గాజుల అప్పు పెద్దలదేనని ఆయన నోటితోనే పిల్లాడికి చెప్పిస్తాడు.